కావడి బండి రెండో వైపు

ఫిట్టరమ్మకీ ఆవిడ వదినకీ మాటలు పోయి ఎన్నేళ్ళయిందో ఆ వీధిలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఉండేది మాత్రం ఒకే ఇంట్లో. కింది వాటా వదినది, పై వాటా ఫిట్టరమ్మది, నీళ్ళ పైపు ఇద్దరికీ కలిపి ఒకటే. పైన ఫిట్టరమ్మ తలకి సబ్బు రుద్దుకునే సమయం కింద వదినకి ఎలా తెలిసేదో గాని, సరిగ్గా అప్పుడే పంపు పూర్తిగా తిప్పి బకెట్టు పెట్టేది. ఫిట్టరమ్మ మాత్రం తక్కువ తిందా? బట్టలు పిండకుండా తెచ్చి, కింద వదిన ఆరేసుకున్న దుప్పటికి నిట్టనిలువుగా పైన ఆరేసేది. తప్పనిసరిగా చెప్పాల్సిన మాటేదైనా ఉంటే మెట్ల దగ్గర నిలబడి గోడకి చెప్పేవారు. గోడతో పాటు అవతలి మనిషీ వినేది.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైంది గనక ఊరు ఆవిడకి ఆ పేరు పెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మొహం మీద అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇక వదిన బొగ్గు డిపో వాళ్ళ అమ్మాయి. దిట్టమైన మనిషి, పార పట్టడంలో మగాళ్ళని మించింది. ఇద్దరికీ మధ్య ఉన్న మనిషి, ఒకరికి అన్న, ఒకరికి మొగుడు, పోయి ఏడాది దాటింది. ఆయన పోతే వీళ్ళు కలిసిపోతారని వీధిలో అందరూ అనుకున్నారు. ఉత్త మాట. ఆయన బతికున్నప్పుడు కనీసం ఆయన మొహం చూసైనా ఊరుకునేవారు.

ఇప్పుడు ఇద్దరికీ మధ్య ఆయన వదిలిపోయిన బండి ఉంది.

అది ఒంటి పట్టా రైలు. ఊరి చివర మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీలో, మట్టి తవ్వే గోతుల నుంచి బట్టీల దాకా, ఛాతీ ఎత్తు ఇనుప కాళ్ళ మీద ఒకే ఒక్క పట్టా వేసుంటుంది. దాని మీద ఇంజను కూర్చోదు, రెండు వైపులకీ వేలాడుతుంది. ఇటొక బాయిలరు, అటొక బాయిలరు. ఇటొక పొయ్యి, అటొక పొయ్యి. ఇటు ఒక మనిషి నిలబడే పలక, అటు ఒక మనిషి నిలబడే పలక. నడిపే మీట కుడి వైపు, బ్రేకు ఎడమ వైపు. అటు మనిషి ఇటు మనిషికి కనబడడు, మధ్యలో అంత ఇనుము అడ్డం. భుజం మీద కావడిలాగే ఉంటుంది గనక ఊరంతా దాన్ని కావడి బండి అనేది.

ఒకప్పుడు ఎడారిలో ఒంటెల మీద చెరో వైపూ మూటలు వేలాడదీసుకుని పోతుంటే చూసిన ఇంజనీరెవరికో పుట్టిన ఆలోచన అది. ఒకటి రెండు చోట్ల కొన్నేళ్ళు నడిచి, అక్కడితో ఆగిపోయింది. ఈ ఫ్యాక్టరీ పాత యజమాని ఎక్కడో దాని గురించి విని, ముచ్చటపడి చిన్నదొకటి చేయించుకున్నాడు. లారీలు వచ్చాక షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేరిన అన్న ఆ తాళం తీశాడు. తీసినవాడు మళ్ళీ బయటికి రాలేదనే అనుకోవాలి.

ఆయనకి పిచ్చి. ఇంకో మాట లేదు. బతికున్న మనుషుల సంగతి ఆయనకి పట్టేది కాదు గాని చచ్చిపోయిన రైళ్ళ సంగతి అడిగితే చాలు, కళ్ళు మెరిసేవి. బొంగరం లోపల తిరుగుతుంటే ఒక్క పట్టా మీద పడకుండా నిలబడిన పెట్టె, పైనుంచి వేలాడుతూ పంకాతో గాలిని తోసుకుంటూ పోయిన డబ్బా, గొట్టంలో గాలి పీల్చి లాగిన రైలు. చిన్నప్పుడే పోయిన తోబుట్టువుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. పాపం ఎంత బాగా నడిచేదో, ఎవరూ పట్టించుకోలేదు అనేవాడు. పక్కనే అన్నం చల్లారిపోతుండేది, పెట్టిన మనిషి నిలబడే ఉండేది. అది ఆయనకి కనిపించేది కాదు.

కావడి బండికి ఒక పద్ధతి ఉంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. నీళ్ళు పోస్తే అటొక బకెట్టు ఇటొక బకెట్టు, బొగ్గు వేస్తే అటొక గంప ఇటొక గంప. ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఒకేసారి కాలు పెట్టాలి. దిగేటప్పుడూ అంతే. ఒకరు ముందు దిగితే రెండోవాళ్ళ వైపుకి బండి ఒరుగుతుంది. ఒరగకుండా కింద పక్క చక్రాలు ఉండేవట గాని, తుప్పు పట్టి ఇప్పుడవి పేరుకే ఉన్నాయి. ఎక్కాక ఇద్దరి మధ్యా మాటలుండవు, బాయిలరు హోరులో వినిపించవు. బాయిలరుకి తగిలించిన ఇనుప బద్ద మీద సుత్తితో కొడతారు. ఒక దెబ్బ కొడితే ఆవిరి తగ్గిందని, రెండు కొడితే బ్రేకు వెయ్యమని.

ఆదివారాల్లో సరదాకి బండి తీసేవారు, మొదట్లో ఎడమ వైపు నిలబడింది ఫిట్టరమ్మే. అప్పుడామె వయసులో ఉంది, అన్నతో సమానంగా పని చేసేది, ఆ ఎడమ పలక మీద నిలబడితే ఆమెకి లోకం కనబడేది కాదు. కాని మనిషి బక్క. ఆవిడ వైపు ఎప్పుడూ ఇనుప దిమ్మలు వేలాడదీయాల్సి వచ్చేది. ఇనుము బొగ్గు వెయ్యదు కదా అన్నాడు అన్న ఒకరోజు, తనకి సరితూగే మనిషి కావాలన్నాడు. తర్వాత కొన్నాళ్ళకే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతుర్ని కాటా మీద చూసి తెచ్చుకున్నాడని ఊరు నవ్వింది. ఫిట్టరమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత వారమే వదిన వచ్చి ఎడమ పలక మీద నిలబడేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. అప్పట్నుంచి ఫిట్టరమ్మ చోటు బండి కింద, గ్రీజు డబ్బాతో. పైన వాళ్ళిద్దరూ తిరుగుతుంటే కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించేది. ఆ మంట ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా చల్లారలేదు.

ఆ చలికాలంలో ఫ్యాక్టరీ స్థలాన్ని పురపాలక సంఘం తీసుకుంది. ఇంజనీరు వచ్చి షెడ్డు చూశాడు, బండి చూశాడు, చూసి తల గోక్కున్నాడు. నడిచే బండైతే జనం చూడ్డానికి ఉంచుతాం, నడవని ఇనుమైతే కోయించేస్తాం అని తేల్చి చెప్పాడు. షెడ్డు దగ్గర బయల్దేరి బట్టీల దాకా ఆగకుండా పోవాలి, ఫలానా రోజు సభ్యుల్ని తీసుకుని వస్తాను అన్నాడు. ఉంచడమే జరిగితే నడిపే పని నీదేనమ్మా అని కూడా అన్నాడు. ఫిట్టరమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. కుడి పలక. మీట. ఇన్నేళ్ళూ కింద పడుకుని చూసిన బండి మీద, అన్న నిలబడిన చోట తను నిలబడటం. ఈ లోకంలో ఆవిడకి కావాల్సింది అదొక్కటే, అది చేతికి అందేంత దూరంలోకి వచ్చింది.

కాని రెండో వైపు ఎవరు?

వెల్డింగు షాపు అతన్ని పిలిచింది. బరువు సరిపోయింది గాని బండి కదలగానే దేవుణ్ణి తలుచుకుంటూ దూకేశాడు, బండి ఫిట్టరమ్మ వైపుకి ఒరిగి ఆవిడ మోచెయ్యి చెక్కుకుపోయింది. ప్లంబరు వచ్చాడు. ఎడమ పొయ్యి అతని మాట వినలేదు, పొగ తప్ప ఆవిరి రాలేదు. ఆ పొయ్యి పెడసరంది. మూలలకి పలచగా, తలుపు దగ్గర దట్టంగా వెయ్యాలి, ఎంత అన్నది చేతికే తెలియాలి. ఆ చెయ్యి ఊళ్ళో ఒక్కరికే ఉంది. ఆ సంగతి ఫిట్టరమ్మకి మొదట్నుంచీ తెలుసు. తెలిసీ వెల్డింగు అతన్నీ ప్లంబరునీ బతిమాలిందంటే ఆవిడ కడుపులో ఎంత కక్ష ఉందో చూడండి.

చివరికి మెట్ల దగ్గరికి వచ్చి గోడకి చెప్పింది. బండి నడిపి చూపించకపోతే కోసేస్తారట, ఎడమ వైపుకి మనిషి కావాలట అని.

"ఏ రోజు?" అంది వదిన, గోడకే.

అంత సులువుగా ఒప్పుకుంటుందని ఫిట్టరమ్మ అనుకోలేదు. ఒప్పుకున్నందుకు సంతోషం కలగలేదు సరికదా ఒళ్ళు మండింది. మొగుడి బండి గదా, అందుకే ఎగేసుకుని వస్తోంది, పది మంది ముందు నిలబడి నాదే అనిపించుకోడానికి అనుకుంది. అనుమానం రావాల్సింది ఇంకో దారిలో. ఆ దారి ఆవిడకి తట్టలేదు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. ఇంజనీరు, ఇద్దరు సభ్యులు, ఫైళ్ళు మోసుకుంటూ వెనకాల ఆఫీసు గుమాస్తా అమ్మాయి, బట్టీల దగ్గర కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. ఊరి జనం పట్టా పొడవునా అక్కడక్కడా నిలబడ్డారు. షెడ్డులో ఆడపడుచూ వదినా తెల్లవారగానే చేరి చెరో వైపూ పొయ్యి రాజేశారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. నీళ్ళ బకెట్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా పడ్డాయి, ఆ లెక్క ఇద్దరి ఒంట్లోనూ ఉంది. ఫిట్టరమ్మ తన వైపు కొక్కేలకి దిమ్మలు తగిలించింది. వదిన బరువు ఎంతో ఆవిడ అడగలేదు, నడిచి వస్తుంటే చూసి లెక్క కట్టేసింది.

"ఒకటి," అంది ఫిట్టరమ్మ.

"రెండు," అంది వదిన అవతల్నుంచి.

కాళ్ళు ఒకేసారి పడ్డాయి. మీట మీద చెయ్యి వేసి లాగితే బండి ఒకసారి ముందుకి ఊగి, నిట్టూర్చి, కదిలింది. అన్న చెయ్యి అరిగించిన మీట అది, పట్టుకుంటే అరచేతికి అతుక్కుంది. షెడ్డు తలుపులు పక్కల నుంచి జరిగిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల వేశారు. ఇంత బతుకు బతికింది దీనికోసమే అనిపించింది ఆవిడకి. బండి నిటారుగా, ఒక వెంట్రుక కూడా అటూ ఇటూ ఒరక్కుండా పోతోంది.

సగం దారిలో ఆవిరి తగ్గింది.

ముందు గేజిలో ముల్లు వణికింది. తన పొయ్యి చూసుకుంది, ఎర్రగా భగభగలాడుతోంది. రెండు బాయిలర్ల ఆవిరీ కలిస్తేనే చక్రం తిరుగుతుంది, ఒకదానితో ఏ పనీ కాదు. సుత్తి తీసి ఒక దెబ్బ కొట్టింది. అవతల్నుంచి పార చప్పుడు లేదు. మళ్ళీ కొట్టింది. బండి ముక్కుతూ మూలుగుతూ ఇంకాస్త దూరం పోయి, మట్టి గోతికీ బట్టీలకీ మధ్య, అందరూ చూస్తుండగా ఆగిపోయింది. హోరు తగ్గింది. ఇప్పుడు మాట వినిపిస్తుంది.

"బొగ్గు వెయ్యి," అంది ఫిట్టరమ్మ. ఇన్నేళ్ళ తర్వాత వదినకి నేరుగా చెప్పిన మొదటి మాట అది.

"వెయ్యను."

"పార లేదా?"

"ఉంది. కింద పెట్టేశాను."

ఫిట్టరమ్మకి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, జుట్టు పట్టుకుని ఈడుద్దామనిపించింది. దిగడానికి లేదు. తను దిగితే బండి వదిన మీదికి ఒరుగుతుంది, బండి పోతుంది. వదిన దిగితే తన మీదికి. ఇద్దరూ కట్టేసినట్టు అక్కడే నిలబడాలి.

"ఇందుకా వచ్చావు?"

"ఇందుకే. ఇది నడవదని ఇంట్లో కూర్చుని చెబితే ఎవరు నమ్ముతారు? నలుగురి ముందు ఆగాలి. కోసి పట్టుకుపోవాలి. అది చూసి నేను ఇంటికి పోవాలి."

"అన్నయ్య రక్తం పోసి నిలబెట్టిన బండి ఇది. నీకు సిగ్గు లేదూ?"

వదిన నవ్వింది. ఆ నవ్వు ఇనుములోంచి వచ్చినట్టుంది. "ఆయన రక్తం పోశాడు. నేను బరువు పోశాను. మా నాన్న డిపోకి నన్ను చూడ్డానికి వచ్చింది నువ్వు. మొహం చూశావా నాది? మాట అడిగావా? నేను బస్తాలు తూచే కాటా మీద నిలబడి ఉంటే ముల్లు చూసి వెళ్ళి మీ అన్నకి చెప్పావు."

అది నిజమే. నీ చోటు నువ్వే ఇచ్చి నా మీద పడి ఏడిచావని వదిన అనలేదు, అననక్కర్లేకుండానే అది ఫిట్టరమ్మకి తగిలింది. బట్టీల దగ్గర కుర్చీల్లోంచి లేచిన ఇంజనీరూ సభ్యులూ ఇటు నడిచి వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోగా నాలుగు పారలు పడితే ఇంకా బతికించుకోవచ్చు. ఆ మాటే చెప్పింది. మనిద్దరి గొడవ తర్వాత చూసుకుందాం, ముందు బొగ్గు వెయ్యమంది. బతిమాలడం రాని గొంతు గనక అది తిట్టులాగే వినిపించింది.

వదిన గొంతు మారింది. అరవడం లేదు.

"నేను కడుపుతో ఉన్నప్పుడు నా బరువు పెరుగుతోందని మీ అన్న వైపు దిమ్మలు తగిలించారు. ముందొకటి, తర్వాత ఇంకోటి. నాకదీ ముచ్చటగానే ఉండేది. బిడ్డ పెరుగుతోందని ఆ దిమ్మలు చూసి సంబరపడేదాన్ని. పోయింది. ఆసుపత్రి నుంచి వస్తుంటే ఇంటికి పోబుద్ధి కాలేదు, షెడ్డు దగ్గర దిగాను. అప్పటికే దిమ్మలు లేవు. కొక్కెం తుడిచి, నూనె రాసి ఉంది. నేను ఇంకా ఇల్లు కూడా చేరలేదు. ఎవరు తీశారు?"

ఫిట్టరమ్మకి ఆ రోజు గుర్తుంది. అన్న షెడ్డులోకి వచ్చాడు, పోయిందట, దిమ్మలు తీసెయ్ అన్నాడు, బోల్టుల డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. తను తీసింది. తీసి గోడవారన వరసగా పేర్చింది. చిన్నవాటి మీద దుమ్ము పడకుండా గోనెపట్టా కప్పింది కూడా. మనసులో ఏమీ అనిపించలేదు. కాదు, అనిపించింది. ఆదివారం బండి తియ్యొచ్చు అనిపించింది.

"నేనే," అంది. "తియ్యకపోతే బండి ఒరిగేది."

"అవును. బండి ఒరక్కూడదు కదా."

సిగ్గు వేసింది ఫిట్టరమ్మకి, సిగ్గుతో పాటు దాన్ని మించిన కోపం వచ్చింది. ఇంతకాలం ఆ మాట కడుపులో దాచుకుని, సరిగ్గా తన రోజు చూసి, తన చెయ్యి మీట మీద పడ్డాక, అందరి ముందూ బయటికి తీసినందుకు కోపం. తప్పు చేసిన మనిషికి కోపం ఎక్కువ. ఇంజనీరు దగ్గరికొచ్చేశాడు.

ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని ఇద్దరూ చెరో పక్కా దిగారు. దిగుతూనే ఫిట్టరమ్మ తన వైపు దిమ్మలు కొక్కేల నుంచి తీసి కింద పెట్టింది. మధ్యలో బండి కదలకుండా నిలబడింది, ఫిట్టరమ్మ పొయ్యి ఇంకా భగభగా మండుతూనే ఉంది. ఇంజనీరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఏమైందమ్మా, పనికిరాదా అన్నాడు.

ఫిట్టరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బండి నిక్షేపంలా ఉందని చెప్పింది. ఆవిడే కావాలని బొగ్గు వెయ్యలేదని, అటుపక్క ఉన్న వదిన వైపు వేలు చూపించింది. ఇంకో మనిషిని ఇస్తే రేపే నడిపి చూపిస్తానంది. జనం వదిన వైపు చూశారు. వదిన కాదనలేదు. వెయ్యలేదు, వెయ్యను అంది.

ఇంజనీరు మొహం విప్పారింది. నడవని బండైతే సమస్య గాని మనిషి సమస్యైతే అదేం సమస్య? ఆవిడ బరువెంత అని అడిగాడు, వదిన అక్కడే నిలబడి ఉండగా, వదినని కాదు, ఫిట్టరమ్మని. ఫిట్టరమ్మ చెప్పేసింది. కిలోలతో సహా, నోటికి వచ్చిన ఎక్కంలా, వదిన నోరు తెరిచేలోగా.

ఇంజనీరు వెనక్కి తిరిగి గుమాస్తా అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"నువ్వూ సుమారు అంతే ఉంటావు కదమ్మా?"

ఆ అమ్మాయి ఫైళ్ళు రెండు చేతులా పొట్టకి హత్తుకుంది. అందరూ తన వైపే చూస్తున్నారు. తెలియదు సార్ అంది. సభ్యుల్లో ఒకాయన, ఫ్యాక్టరీలో కాటా ఉండే ఉంటుంది కదా, ఎక్కించి చూస్తే పోలా అన్నాడు. జనంలో నవ్వులు లేచాయి. ఆ అమ్మాయి కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఉద్యోగం చేసే మనిషి, పై అధికారి అడిగితే కాదనే దారి ఎక్కడుంది? ఆదివారాల్లో రావచ్చులే, పార పట్టడం ఆవిడ నేర్పుతుందిలే అని ఇంజనీరు అప్పుడే ఏర్పాట్లు చేసేస్తున్నాడు.

"ఎక్కువ తక్కువైతే దిగులేం లేదు," అన్నాడు ఫిట్టరమ్మతో, తనకీ ఈ విద్య పట్టుబడిందన్నట్టు. "ఇటు నాలుగు దిమ్మలు తగిలిస్తే సరిపోతుంది, అంతేగా?"

ఫిట్టరమ్మకి కావాల్సింది దొరికింది. బండి బతికింది, మీట తన చేతికి వచ్చింది, వదిన పీడ వదిలింది. అవును సార్ అంటే చాలు. ఆవిడ ఆ అమ్మాయి చేతులు చూసింది. ఫైళ్ళ మీద వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. అవును సార్ అన్న మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. అది తన గొంతే, ఇరవైల్లో ఉన్న తన గొంతు, బొగ్గు డిపో నుంచి పరిగెత్తుకొచ్చి అన్నతో సరిపోతుందన్నయ్యా అని చెప్పిన గొంతు.

ఆవిడ వంగింది. బాయిలరు అడుగున నీళ్ళు వదిలే వాల్వు ఉంటుంది. దాన్ని పట్టుకుని మొత్తం తిప్పేసింది.

మరిగే నీళ్ళు బుస్సుమని నేల మీదికి దూకాయి. ఆవిరి కమ్మేసింది. జనం కకావికలై పరిగెత్తారు, ఇంజనీరు రుమాలు పారేసి మరీ పరిగెత్తాడు. మూసెయ్యండి, మూసెయ్యండి అని దూరం నుంచి కేకలు వేస్తున్నాడు. కింద అంత నిప్పు పెట్టుకుని పైన నీళ్ళు లేకపోతే బాయిలరు రేకు ఎంతసేపు ఆగుతుంది? పొయ్యి మీద మరిచిపోయిన ఖాళీ గిన్నె గతే. బాగుచెయ్యడానికి ఇంక ఎవరి తరమూ కాదు. ఆ సంగతి ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ లేరు.

నీళ్ళు పోయేకొద్దీ ఫిట్టరమ్మ వైపు తేలికైంది. ఏళ్ళ తరబడి నిటారుగా నిలబడిన కావడి బండి అవతలి వైపుకి ఒరగడం మొదలుపెట్టింది. పట్టా కిర్రుమంది. అవతల వదిన నిలబడి ఉంది.

"వదినా, తప్పుకో," అంది ఫిట్టరమ్మ.

ఆవిర్లోంచి జవాబు వచ్చింది. "నా వైపుకెందుకు పడాలి?"

అవతల కూడా వాల్వు తిరిగిన చప్పుడైంది. అటు నీళ్ళు కూడా దూకాయి. ఒరుగుతున్న బండి ఆగి, ఊగి, మెల్లగా మళ్ళీ నిటారుగా లేచింది. ఇటొక ధార, అటొక ధార, ఏ ధార ముందు అయిపోతుందా అని ఇద్దరూ చెరో వైపు నిలబడి చూశారు. రెండూ దాదాపు ఒకేసారి సన్నబడి ఆగిపోయాయి. కాసేపటికి ఫిట్టరమ్మ పొయ్యి పైన రేకు ఎర్రబడి, లోపలికి కుంగి, పెళ్ళుమని పగిలింది. అవతలి పొయ్యి అప్పటికే బూడిదైపోయింది.

ఇంజనీరు దూరం నుంచే తిట్టి, కోయించేస్తానని చెప్పి, సభ్యుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. గుమాస్తా అమ్మాయి అందరికంటే వెనక, ఫైళ్ళు చంకలో పెట్టుకుని, గబగబా నడిచిపోయింది. ఫిట్టరమ్మ తడి నేల మీద కూలబడింది. ఏడుపు వచ్చింది. అన్న పోయినప్పుడు కూడా రాని ఏడుపు, ఆపుదామంటే ఆగని ఏడుపు, ముక్కూ కళ్ళూ ఏకమయ్యేలా ఏడ్చింది. బండి కోసమా, చోటు కోసమా, ఆ రోజు గోనెపట్టా కింద వరసగా పేర్చిన చిన్న దిమ్మల కోసమా, ఆవిడకే తెలియదు.

వదిన బండి చుట్టూ తిరిగి ఇటు వైపుకి వచ్చింది. కొంగుతో చేతుల మసి తుడుచుకుంటూ కాసేపు నిలబడి చూసింది. చెయ్యి వెయ్యలేదు, వంగలేదు.

"ఇప్పుడెందుకు ఏడుస్తావు?" అంది. "ఆ రోజు ఒక్కసారి ఏడ్చుంటే సరిపోయేది."

పార తీసుకుని గేటు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఫిట్టరమ్మ నిప్పు పూర్తిగా ఆరేదాకా అక్కడే కూర్చుంది, ఎందుకంటే మండుతున్న పొయ్యిని వదిలి పోకూడదు.